వాతావరణ మార్పు: పేరుకుపోతున్న వాయువు, తెగని వాదన

హవాయి దీవుల్లోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున, 1958 మార్చిలో చార్లెస్ కీలింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడది గాలిలోని ప్రతి పది లక్షల భాగాలకు దాదాపు 315 భాగాలుగా ఉంది. కొన్ని నెలలకే ఆ కొలతల్లో ఒక లయ బయటపడింది. ఉత్తరార్ధగోళంలో చెట్టూచేమా ఏపుగా పెరిగే నెలల్లో ఆ వాయువు తగ్గుతుంది, ఆకులు రాలి కుళ్ళే కాలంలో మళ్ళీ పెరుగుతుంది. ఏటా మే నెలలో గరిష్ఠానికి చేరి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కనిష్ఠానికి దిగుతుంది. రెండు మూడేళ్ళు గడిచేసరికి మరో సంగతి తేలింది. గరిష్ఠమూ కనిష్ఠమూ రెండూ కిందటి ఏటి కంటే కాస్త పైన నమోదవుతున్నాయి. 2024లో అక్కడి వార్షిక సగటు 424 దాటింది. ఆ గీత ఆరున్నర దశాబ్దాలుగా ఏటికేడు పైకే పోతోంది, ఒక్క ఏడాది కూడా కిందికి దిగలేదు.

దిగకపోవడానికి కారణం ఆ వాయువుకున్న ఒక గుణం. అది గాలిలో చేరాక అందులో కొంత వంతు శతాబ్దాల పాటు, మరికొంత వేల ఏళ్ళ పాటు అక్కడే ఉండిపోతుంది. అంటే పోగుపడుతుంది. భూతాపానికి కారణాలేమిటన్న చర్చా, దాని ప్రభావాల తీవ్రతా, బాధ్యత ఎవరిదన్న దేశాల మధ్య తగవూ చివరికి ఈ గుణం దగ్గరికే వస్తాయి. బహిరంగ చర్చలో అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడేది కూడా ఇదే. ఈ ఏడాది ఉద్గారాలు పెరిగాయా తగ్గాయా అన్న వార్తకు దక్కే స్థానంలో పదో వంతు కూడా, ఇప్పటికే గాలిలో పేరుకున్న మొత్తం ఎంత అన్న ప్రశ్నకు దక్కదు.

ఈ శాస్త్రం నిన్న మొన్న పుట్టింది కాదు. వాతావరణం భూమి వేడిని కొంత పట్టి ఉంచుతుందని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ 1824లోనే ఊహించాడు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ ఉష్ణమాపకాలు అమర్చిన గాజు గొట్టాల్లో వేరువేరు వాయువులను నింపి ఎండలో పెట్టి చూసింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటి కంటే ఎక్కువగా వేడెక్కడమే కాక, ఎండలోంచి తీశాక చల్లబడడానికి చాలాసేపు తీసుకుంది. అలాంటి వాయువు ఎక్కువగా ఉన్న వాతావరణం భూమిని మరింత వేడిగా ఉంచుతుందని ఆమె రాసింది. ఆ పత్రాన్ని శాస్త్రవేత్తల సభలో ఆమె బదులు ఒక పురుష శాస్త్రవేత్త చదివాడు, తర్వాత శతాబ్దానికి పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్ళకు, 1859లో, జాన్ టిండాల్ ప్రయోగశాలలో జరిపిన కొలతలు అసలు మర్మాన్ని తేల్చాయి. గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ వాయువులు నేల నుంచి పైకి వెళ్ళే పరారుణ కిరణాలను అడ్డుకోవు. అతి తక్కువ మోతాదులో ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటివే వాటిని పీల్చుకుని, కొంత వేడిని తిరిగి నేలవైపు పంపుతాయి. హరితగృహ వాయువులని పిలిచే ఇవే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 18 డిగ్రీల దగ్గర ఉండేది.

స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్రీనియస్ 1896లో చేతి లెక్కలతో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుందని అంచనా కట్టాడు. ఆనాటి వేగంతో బొగ్గు కాలిస్తే అది జరగడానికి వేల ఏళ్ళు పడుతుందని, చలిదేశాలకు అది మేలే చేస్తుందని ఆయన అనుకున్నాడు. 1938లో గై కాలెండర్ అనే ఆవిరియంత్రాల ఇంజినీరు 147 వాతావరణ కేంద్రాల రికార్డులను పోగుచేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందని, అందుకు ఇంధనాల దహనమే కారణమని వాదించినప్పుడు నిపుణులు నమ్మలేదు. ఈ చరిత్రను గుర్తు చేయడానికి కారణం ఉంది. వాతావరణ మార్పు సిద్ధాంతం ఏదో ఒక రాజకీయ పక్షం కల్పన అన్న ఆరోపణ నేటికీ వినిపిస్తుంది. పర్యావరణ ఉద్యమం, ఐక్యరాజ్యసమితి, నేటి రాజకీయ పక్షాలు చాలావరకు పుట్టకముందే దాని భౌతికశాస్త్రం సిద్ధమైపోయింది.

పెరిగిన వాయువు మనుషుల వల్లే వచ్చిందని ఎలా తెలుసు అన్న ప్రశ్నకు సమాధానం ఆ వాయువులోనే ఉంది. కార్బన్‌లో కార్బన్-14 అనే ఒక రకం రేడియోధార్మికమైనది; 5,730 ఏళ్ళకు సగం చొప్పున అది నశిస్తుంది. కోట్ల ఏళ్ళ పాటు నేల కింద ఉన్న బొగ్గులో, చమురులో అది మిగలదు. గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 వాటా పలచబడుతూ వస్తోందని 1950లలోనే హాన్స్ సూస్ కనిపెట్టాడు. మొక్కల నుంచి పుట్టిన ఇంధనాల్లో తక్కువగా ఉండే కార్బన్-13 వాటా కూడా గాలిలో అదే పద్ధతిలో తగ్గుతోంది. దహనానికి ఖర్చయ్యే ఆక్సిజన్ కూడా లెక్కకు తగ్గట్టే తగ్గుతోంది. అగ్నిపర్వతాలు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మానవ ఉద్గారాల్లో ఒక శాతం కూడా ఉండదు. అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకున్న పాతకాలపు గాలిబుడగలను వెలికితీసి కొలిస్తే, గడచిన 8 లక్షల ఏళ్ళలో ఆ వాయువు సుమారు 180, 300 భాగాల మధ్యే ఊగిసలాడిందని తేలింది. పారిశ్రామిక యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది.

సూర్యుడే వేడెక్కుతున్నాడేమో అన్న అనుమానం న్యాయమైనదే, అందుకే దాన్ని క్షుణ్ణంగా పరీక్షించారు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యరశ్మిని నేరుగా కొలుస్తున్నాయి. పదకొండేళ్ళ సౌరచక్రంతో పాటు చిన్న హెచ్చుతగ్గులే తప్ప, దానిలో పెరుగుదల ధోరణి లేదు. అంతకంటే బలమైన సాక్ష్యం పై వాతావరణంలో ఉంది. సూర్యుడు కారణమైతే గాలి అన్ని పొరల్లోనూ వేడెక్కాలి. హరితగృహ వాయువులు కారణమైతే కింది పొర వేడెక్కి, దానిపైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. ఈ తేడాను స్యుకురో మనబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కకట్టి చెప్పారు. ఆ తర్వాతి దశాబ్దాల కొలతల్లో స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతూ వచ్చింది. మనబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. నీటి ఆవిరే పెద్ద హరితగృహ వాయువు కదా అన్న వాదనలోనూ నిజం ఉంది. కానీ ఆవిరి గాలిలో వారం పది రోజులకు మించి నిలవదు. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరి పడుతుంది. కాబట్టి అది వేడిని మొదలుపెట్టేది కాదు, మొదలైన వేడిని రెట్టించేది.

శిలాజ ఇంధనాల దహనం, సిమెంటు తయారీ కలిసి ఇప్పుడు ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతున్నాయి. అడవుల నరికివేత దానికి మరికొంత కలుపుతుంది. ఇందులో సగానికి పైగా సముద్రాలూ నేల మీది పచ్చదనమూ పీల్చుకుంటున్నాయి, మిగిలింది గాలిలో చేరుతోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. చెరువులోకి వచ్చే వరద కాస్త తగ్గినంత మాత్రాన చెరువు మట్టం తగ్గదు. నీరు పోయే దారి కంటే వచ్చే దారి పెద్దదిగా ఉన్నంతకాలం మట్టం పెరుగుతూనే ఉంటుంది. 2020లో మహమ్మారి వల్ల ప్రపంచం సగం స్తంభించినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు దాదాపు 5 శాతం తగ్గాయి. ఆ ఏడాది కూడా మౌనా లోవాలో అంతకుముందెన్నడూ లేని గరిష్ఠం నమోదైంది. భూమి వేడెక్కే పరిమాణం ఏ ఏటి ఉద్గారాల మీదో కాక, ఇప్పటిదాకా వదిలిన మొత్తం మీద ఆధారపడుతుంది. ప్రతి లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 0.45 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుందని వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2021 నివేదికలో అంచనా వేసింది. ఉద్గారాలు నికరంగా సున్నాకు చేరినప్పుడే, అంటే వదిలేదీ వెనక్కి తీసేదీ సమానమైనప్పుడే, ఉష్ణోగ్రత పెరగడం దాదాపుగా ఆగుతుంది, ఆగినా చాలాకాలం వరకు వెనక్కి తగ్గదు. తగ్గించడం, ఆపడం అనే రెండు వేరువేరు పనులను ఒకటిగా చూపే ప్రకటనలు, ప్రభుత్వాలవైనా కంపెనీలవైనా, ప్రజలను తప్పుదారి పట్టిస్తున్నాయి.

అన్ని వాయువులూ ఒకేలా ప్రవర్తించవు. పశువుల జీర్ణక్రియ నుంచి, వరి మడుల నుంచి, చెత్తకుప్పల నుంచి, చమురు, గ్యాస్ బావుల లీకుల నుంచి వెలువడే మీథేన్ సుమారు పన్నెండేళ్ళలో విచ్ఛిన్నమైపోతుంది. ఉన్నంతకాలం మాత్రం అది తీవ్రంగా పనిచేస్తుంది. ఇరవయ్యేళ్ళ వ్యవధిలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టుకుంటుంది. కాబట్టి మీథేన్‌ను తగ్గిస్తే ఫలితం ఒక తరంలోనే కనిపిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురు దిశలో పనిచేసేవి బొగ్గు పొగలోని గంధకపు కణాలు. అవి ఎండను తిప్పికొట్టి భూమిని కొంత చల్లబరుస్తాయి, అందుకే హరితగృహ వాయువుల ప్రభావంలో ఒక భాగం ఇన్నాళ్ళూ మరుగున ఉండిపోయింది. 2020 నుంచి నౌకల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. ఊపిరితిత్తులకు మేలు చేసే ఆ నిర్ణయం, దాగి ఉన్న వేడిలో కొంత బయటపడడానికి కూడా దారితీసింది; అది ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య చురుకైన చర్చ సాగుతోంది.

ఇక ప్రభావాలు. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దం 1.1 డిగ్రీలు వేడిగా ఉందని ఐపీసీసీ తేల్చింది. 2024లో ఆ పెరుగుదల సుమారు 1.55 డిగ్రీలని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక ఏడాది 1.5 దాటినంత మాత్రాన ఉష్ణోగ్రత పెరుగుదలకు 2015 పారిస్ ఒప్పందం పెట్టిన హద్దు దాటినట్టు కాదు, ఆ హద్దు దీర్ఘకాలిక సగటుకు సంబంధించినది. అయినా ఎటు పోతున్నామన్నది దాంతో స్పష్టమైంది. ఒకటిన్నర డిగ్రీ వినడానికి చిన్న సంఖ్యే. కానీ సగం ఉత్తర అమెరికా మంచుగడ్డల కింద ఉన్న హిమయుగానికీ పారిశ్రామిక యుగానికి ముందరి కాలానికీ మధ్య భూగోళపు సగటు తేడా ఐదారు డిగ్రీలే.

అదనంగా చేరిన వేడిలో 90 శాతం సముద్రాల్లోకి వెళ్ళింది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది, దానికి హిమానీనదాలు కరిగిన నీరు తోడవుతుంది. 1901 నుంచి 2018 లోపు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, పెరిగే వేగం కూడా ఎక్కువవుతోంది. సముద్రాలు వేడెక్కడానికి, మంచు పలకలు కరగడానికి శతాబ్దాలు పడుతుంది కనుక, ఉష్ణోగ్రత పెరగడం ఆగిన తర్వాత కూడా మట్టం పెరుగుతూనే ఉంటుంది. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే పెరిగే మట్టం సుమారు ఏడు మీటర్లు. కార్బన్ డయాక్సైడ్ కరిగిన సముద్రపు నీటి ఆమ్లత పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే పాతిక శాతానికి పైగా పెరిగింది. వేడి 1.5 డిగ్రీలకు చేరితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలకు చేరితే 99 శాతానికి పైగా అంతరిస్తాయని ఐపీసీసీ 2018లో హెచ్చరించింది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగలిగే ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. కుండపోత వానలూ తీవ్రమైన కరవులూ ఒకే కారణం నుంచి పుట్టడంలోని మర్మం ఇదే. దాహం పెరిగిన గాలి ఒకచోట నేలలోని తేమను త్వరగా లాగేస్తుంది, లాగిన నీటిని మరోచోట తక్కువ వ్యవధిలో కుమ్మరిస్తుంది. వానలు పడితే భూతాపం అబద్ధమని, వానలు పడకపోతే నిజమని తేల్చే వాదనలు రెండూ ఈ కారణంగానే నిలబడవు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో లిటన్ అనే చిన్న ఊరు ఉంది. 2021 జూన్ 27, 28, 29 తేదీల్లో వరసగా మూడు రోజులు అక్కడ కెనడా జాతీయ ఉష్ణోగ్రత రికార్డు బద్దలైంది. 1937 నుంచి నిలిచి ఉన్న పాత రికార్డు 45 డిగ్రీలు. మూడో రోజున లిటన్‌లో 49.6 డిగ్రీలు నమోదైంది. నాలుగో రోజు సాయంత్రం మంటలు లేచి ఊరిలో 90 శాతం కాలిపోయింది. ఆ వేడిగాలుల వల్ల ఆ రాష్ట్రంలో 619 మంది మరణించినట్టు అక్కడి అధికారులు నిర్ధారించారు. వారిలో ఎక్కువమంది వయసు మళ్ళినవారు, ఒంటరిగా ఉండేవారు, ఇళ్ళలోపలే చనిపోయారు. ఇలాంటి ఘటనను వాతావరణ మార్పుకు ముడిపెట్టడం ఒకప్పుడు సాధ్యమయ్యేది కాదు. ఏ ఒక్క తుపానూ, ఏ ఒక్క వడగాలీ భూతాపం వల్లే వచ్చిందని చెప్పలేమన్నది దశాబ్దాల పాటు శాస్త్రవేత్తల జవాబు. 2004లో పీటర్ స్టాట్ బృందం అంతకుముందు ఏడాది యూరప్‌ను కుదిపేసిన వడగాలులను పరిశీలించి, అలాంటి వేసవి వచ్చే ముప్పును మానవ చర్యలు కనీసం రెట్టింపు చేశాయని లెక్కతేల్చడంతో ఆ జవాబు మారింది. వాయువులు పెరిగిన ప్రపంచాన్నీ పెరగని ప్రపంచాన్నీ నమూనాల్లో పక్కపక్కన నడిపి, ఒక ఘటన వచ్చే అవకాశం ఎంత మారిందో కొలవడం ఈ పద్ధతి. మానవ ప్రమేయం లేకుండా 2021 నాటి ఆ వేడి దాదాపు అసాధ్యమని ఘటన ముగిసిన కొద్ది రోజుల్లోనే నిపుణులు చెప్పగలిగారు.

నష్టాలతో పాటు లాభాలు లేవా అంటే, కొన్ని ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల మొక్కల ఎదుగుదల పెరుగుతుంది, ఉపగ్రహ చిత్రాల్లో భూమి పచ్చదనం పెరిగినట్టు కూడా కనిపించింది. శీతల దేశాల్లో చలి మరణాలు తగ్గవచ్చు. వీటిని దాచిపెట్టడం వల్ల వాదనకు బలం చేకూరదు, అనుమానమే పెరుగుతుంది. అయితే అదే వాయువు ఎక్కువగా ఉన్న గాలిలో పెరిగిన వరి, గోధుమల్లో మాంసకృత్తులు, జింకు, ఇనుము తగ్గుతున్నట్టు పొలాల్లో జరిపిన ప్రయోగాల్లో తేలింది. వేడి, నీటి కొరత కలిసినప్పుడు వాయువు వల్ల కలిగిన లాభం చాలాచోట్ల హరించుకుపోతుంది. పైగా లాభాలు ఎక్కువగా చలిదేశాలకూ, నష్టాలు ఎక్కువగా ఉష్ణదేశాలకూ దక్కుతాయి కాబట్టి, రెండింటినీ కూడి తీసివేసి సగటు చెప్పడం న్యాయం కాదు.

బహిరంగ చర్చ మరో దారిలో నడిచింది. 1988 జూన్‌లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ సంఘం ముందు, భూమి వేడెక్కడం మొదలైందని దాదాపు నిశ్చయంగా చెప్పాడు. అదే ఏడాది ఐపీసీసీ ఏర్పడింది. మరుసటి ఏడాదే చమురు, బొగ్గు, వాహన పరిశ్రమల ప్రయోజనాలను కాపాడడానికి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అనే కూటమి వెలిసింది. 2002 వరకు అది ఉద్గారాల నియంత్రణను ఎదిరించింది. ఎక్సాన్ సంస్థ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర, 1980ల మొదట్లో వేసిన ఉష్ణోగ్రత అంచనాలు తర్వాత జరిగినదానితో చాలావరకు సరిపోయాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఆ సంస్థ బయట మాత్రం నమూనాలు నమ్మదగినవి కావన్న మాటనే ఏళ్ళ తరబడి వినిపించింది. తెలియక చేసిన పొరపాటుకూ తెలిసి రేపిన సందేహానికీ చాలా తేడా ఉంది. ఆ సందేహం వల్ల పోయిన ప్రతి ఏడూ పోగులో మరో ఏడాది ఉద్గారాలను చేర్చింది కనుక, ఆ కాలయాపన ఖరీదు నేటి తరానికి మిగిలింది.

సందేహించినవారంతా అమ్ముడుపోయినవారన్నది కూడా సత్యం కాదు. బర్క్‌లీ భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఉష్ణోగ్రతల రికార్డులను నిజాయితీగానే అనుమానించాడు. నగరాలు పెరగడం వల్ల ఉష్ణమాపకాలు తప్పు చూపుతున్నాయేమో, పరిశోధకులు తమకు అనువైన కేంద్రాలనే ఎంచుకుంటున్నారేమో అన్నవి ఆయన అనుమానాలు. వాటిని తేల్చుకోవడానికి ఆయన బృందం ప్రపంచవ్యాప్తంగా వేల కేంద్రాల సమాచారాన్ని మొదటి నుంచీ తిరిగి విశ్లేషించింది. ఆ పనికి నిధులిచ్చినవారిలో బొగ్గు, చమురు వ్యాపారాలతో ముడిపడిన దాతృత్వ సంస్థ కూడా ఉంది. పాత ఫలితాలే మళ్ళీ వచ్చాయి. 2012లో ముల్లర్ తన అభిప్రాయం మారిందని, వేడెక్కడానికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమని బహిరంగంగా రాశాడు. 1998 తర్వాత వేడెక్కడం ఆగిపోయిందన్న వాదనకు మాత్రం ఇంత ఓర్పు అక్కర్లేదు. బలమైన ఎల్ నినో వల్ల అసాధారణంగా వేడెక్కిన ఏడాదిని మొదలుగా తీసుకుంటే ఆ తర్వాతి గీత చదునుగానే కనిపిస్తుంది. దశాబ్దాల సగటులు చూసినవారికి ఆ విరామం కనిపించలేదు, 2014 తర్వాతి ఏళ్ళు దాన్ని పూర్తిగా చెరిపేశాయి.

అనిశ్చితి అన్న మాటను బహిరంగ చర్చలో వాడే తీరు మరింత హాని చేసింది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 1.5 నుంచి 4.5 డిగ్రీలు వేడెక్కుతుందని 1979లో జూల్ చార్నీ నాయకత్వంలోని సంఘం అంచనా వేసింది; 2021 నాటికి ఐపీసీసీ ఆ పరిధిని 2.5 నుంచి 4 డిగ్రీలకు కుదించింది. పరిధి ఉందంటే ఏమీ తెలియదని కాదు. అసలు ఫలితం కింది అంచుకు దగ్గరగా ఉండవచ్చు, పై అంచుకూ దగ్గరగా ఉండవచ్చు. పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం ఎంత త్వరగా కూలుతుందో, అట్లాంటిక్ సముద్ర ప్రవాహాలు ఎప్పుడు బలహీనపడతాయో కచ్చితంగా చెప్పలేకపోవడం ఊరట కలిగించే విషయం కాదు. ప్రమాదం ఎంత పెద్దదో కచ్చితంగా తెలియనప్పుడు జాగ్రత్తపడడమే మిగతా అన్ని రంగాల్లోనూ వివేకం అనిపించుకుంటుంది. ఈ ఒక్క విషయంలోనే ఆగి చూద్దామన్నది వివేకంగా చలామణీ అయింది.

నిజమైన వాదన బాధ్యత దగ్గర ఉంది. 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఢిల్లీ నుంచి ఒక ప్రశ్న లేవనెత్తారు: పేదవాడి పొలంలోని మీథేన్‌నూ సంపన్నుడి కారు పొగనూ ఒకే పద్దులో ఎలా రాస్తారు? మరుసటి ఏడాది రియోలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో, అందరిదీ ఉమ్మడి బాధ్యతే అయినా వంతులు వేరువేరన్న సూత్రం చేరింది. పోగుపడే వాయువు విషయంలో ఈ సూత్రానికి భౌతికశాస్త్రపు ఆధారం ఉంది. ఇప్పటివరకు శిలాజ ఇంధనాల నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాది, భారత్ వాటా 3, 4 శాతం. అయితే ఆనాటి విభజన నేటికి చాలదు. చైనా ఇప్పుడు ఏటా ప్రపంచ ఉద్గారాల్లో సుమారు 30 శాతం వదులుతోంది, తలసరి లెక్కలో యూరోపియన్ యూనియన్‌ను దాటింది. అదే సమయంలో ఆ పొగలో కొంత ఇతర దేశాల వినియోగదారుల కోసం తయారైన సరుకులది. ఉత్పత్తి లెక్క, వినియోగ లెక్క, తలసరి లెక్క, చారిత్రక లెక్క — ప్రతి దేశమూ తనకు అనువైనదాన్నే ఎంచుకుంటోంది. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాకపోవడమే చర్చలు తెగకపోవడానికి కారణం.

ఒప్పందాల చరిత్రలో అదే కనిపిస్తుంది. 1997లో క్యోటో ఒప్పందం కుదరకముందే, అభివృద్ధి చెందుతున్న దేశాలపై ఆంక్షలు లేని ఏ ఒప్పందాన్నీ అంగీకరించబోమని అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానించింది. 2009లో కోపెన్‌హాగన్‌లో సంపన్న దేశాలు 2020 నాటికి అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మొత్తం 2022లో గానీ చేరలేదు, అందులోనూ పెద్ద భాగం అప్పులే. 2015 పారిస్ ఒప్పందం హద్దును 2 డిగ్రీలకు బాగా దిగువన, వీలైతే 1.5 దగ్గర పెట్టి, ఎంత తగ్గించాలన్నది ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. అమెరికా ఆ ఒప్పందంలోంచి బయటికి రావడం, తిరిగి చేరడం, 2025లో మళ్ళీ వైదొలగుతున్నట్టు ప్రకటించడం చూశాం. శిలాజ ఇంధనాల నుంచి మళ్ళాలన్న మాట ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల తుది పత్రంలోకి ఎక్కడానికి 2023 దుబాయ్ సదస్సు దాకా ఆగాల్సి వచ్చింది.

దేశాల లోపల కూడా భారం ఎవరిదన్న ప్రశ్నే నిర్ణయాత్మకం. 2018లో ఫ్రాన్స్‌లో ఇంధన పన్ను పెంపు, పసుపు రంగు కోట్లు తొడుక్కున్న నిరసనకారుల ఉద్యమానికి నిప్పు రాజేసింది. ఆస్ట్రేలియాలో 2012లో ఉద్గారాలపై విధించిన కర్బన ధర రెండేళ్ళకే రద్దయింది. స్వీడన్ 1991 నుంచి కర్బన పన్ను వేస్తూనే ఆర్థికంగా ఎదిగింది. వాతావరణ చర్యలు సామాన్యుడి జేబుకు చిల్లు పెడతాయన్న భయాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడం తప్పు. వసూలైన పన్ను తిరిగి ఎవరికి చేరుతోంది, గనులు మూతపడిన ఊళ్ళలో పని ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు లేని విధానాలు ఎన్నికల్లో కూలుతున్నాయి. మరోవైపు సౌరవిద్యుత్తు ఖర్చు 2010ల్లో దాదాపు 90 శాతం పడిపోయింది, బ్యాటరీల ధరలూ అదే దారిన నడిచాయి. పాతికేళ్ళ క్రితం వరకు త్యాగంగా కనిపించినది ఇప్పుడు చాలాచోట్ల చౌకైన మార్గం. ఎండ లేని, గాలి లేని వేళల్లో విద్యుత్తు నిల్వ, ఉక్కు, సిమెంటు, విమానయానం వంటివాటికి బదులేమిటన్నవి ఇంకా తేలాల్సిన ప్రశ్నలే. అణువిద్యుత్తుపై చర్చ కూడా అక్కడే మొదలవుతుంది.

ఉష్ణోగ్రత 1.5 డిగ్రీల హద్దును దాటే అవకాశం పెరిగేకొద్దీ, గాలిలోంచి కార్బన్‌ను వెనక్కి తీసే పద్ధతుల మీద ఆశలు పెరుగుతున్నాయి. యంత్రాలతో అలా తీయడం నేటికీ అత్యంత ఖరీదైన పని, ఏటా వెలువడే దాని ముందు తీస్తున్నది లెక్కలోకి రాదు. స్ట్రాటోస్ఫియర్‌లో గంధకపు కణాలు చల్లి ఎండను తగ్గించాలన్న ప్రతిపాదన మరింత ప్రమాదకరం. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది కనుక ఆ పద్ధతి పనిచేస్తుందనడంలో సందేహం లేదు. కానీ ఆ కణాలు ఒకటి రెండేళ్ళలో రాలిపోతాయి, కింద పేరుకున్న వాయువు మాత్రం శతాబ్దాలు ఉంటుంది. ఒకసారి మొదలుపెట్టిన చల్లడం యుద్ధం వల్లనో ఆర్థిక పతనం వల్లనో ఆగిపోతే, దాగి ఉన్న వేడంతా కొన్నేళ్ళలోనే మీద పడుతుంది.

జరిగిన నష్టానికి పరిహారం సంగతి ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంది. 2022లో పాకిస్తాన్ వరదలు 3.3 కోట్ల మందిని దెబ్బతీశాయి, 1,700 మందికి పైగా చనిపోయారు, ధ్వంసమూ ఆర్థిక నష్టమూ కలిపి సుమారు 3,000 కోట్ల డాలర్లని లెక్కకట్టారు. ప్రపంచ ఉద్గారాల్లో ఆ దేశం వాటా ఒక శాతం లోపే. ఆ ఏడాది చివర ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో ఒప్పుకున్న నష్టపరిహార నిధికి మరుసటి ఏడాది దుబాయ్‌లో అన్ని దేశాలూ కలిసి వాగ్దానం చేసింది సుమారు 70 కోట్ల డాలర్లు. దాతృత్వంగా చూసినంతకాలం ఆ అంకె అలాగే ఉంటుంది. అందుకే కొన్ని దేశాలు దాన్ని హక్కుగా అడగడానికి న్యాయస్థానాల దారి పట్టాయి. పసిఫిక్ దీవులకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని వనువాటు ప్రభుత్వం అందుకుంది, 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కోరింది. 2025 జులై 23న ఆ న్యాయస్థానం ఏకగ్రీవంగా, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం చెల్లించాల్సి రావచ్చని చెప్పింది. అభిప్రాయానికి తీర్పుకున్న కట్టుబాటు లేదు. ఒక దేశం ఉద్గారాలకూ మరో దేశపు నష్టానికీ ఉన్న లంకెను ఒక్కో సందర్భంలో విడిగా రుజువు చేయాల్సి ఉంటుంది. ఏ దేశం ఏ ఏట ఎంత వదిలిందో, అందులో ఎంత ఇంకా గాలిలో ఉందో, దానివల్ల ఏ విపత్తు ఎంత ముదిరిందో చెప్పగల లెక్కలు ఇప్పుడు శాస్త్రవేత్తల దగ్గర ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా స్వీకరించడానికి న్యాయస్థానాలు పెట్టే షరతుల మీదే ఇక ముందు వచ్చే వ్యాజ్యాల గతి ఆధారపడి ఉంది.